వేరుపడ్డవాళ్ళ గడి

వెలగలపాలెంలో ఏ ఇంటికి ఇంగ్లీషు కాగితం వచ్చినా ముందు రాజ్యం అరుగెక్కాల్సిందే. కరెంటాఫీసు నోటీసు, ఆసుపత్రి చీటీ, కోల్డ్ స్టోరేజీ రసీదు, పురుగుమందు డబ్బా మీది సన్నక్షరాలు, అన్నీ ఆమె కళ్ళజోడు కిందికి ఇంగ్లీషుగా వెళ్ళి తెలుగుగా బయటికొచ్చేవి. ఐదో తరగతితో బడి మాన్పించిన పిల్ల. పెళ్ళయి, ఇద్దరు మగపిల్లలు పుట్టి, వాళ్ళు బడికెళ్ళడం మొదలుపెట్టాక వాళ్ళ వాచకాలే పట్టుకుని, మిరపకాయల కల్లం దగ్గర కాపలా కూర్చున్న మధ్యాహ్నాల్లో ఒక్కో మాటా కూడబలుక్కుని నేర్చుకుంది. వెనకాల 'ఇంగ్లీషు రాజ్యం' అని నవ్వేవాళ్ళు. కాగితం చాపేటప్పుడు మాత్రం 'రాజ్యమక్కా' అనేవాళ్ళు.

ఆమెకి బాగా ఇష్టమైనవి తెలుగులో ఒకటిగా ఉండి, ఇంగ్లీషులోకి వెళ్ళగానే చీలిపోయే మాటలు. మనకి మందంటే సరిపోతుంది. జ్వరానికి మింగినా మందే, పత్తికి కొట్టినా మందే, సాయంత్రం మగాళ్ళు పూటుగా తాగొచ్చినా మందే. వాళ్ళకలా కుదరదు, దేని పేరు దానిదే. "ఒకదాని చోట ఇంకోటి పెట్టి చూడండి, మనిషి చస్తాడు" అనేది రాజ్యం, వినేవాళ్ళు బెదిరేట్టుగా.

ఆ చీలికల్లో అన్నిటికంటే చెడ్డది ఆమెకి ఫోనులో ఎదురయింది. పెద్దకొడుకు వీరాంజనేయులు నల్లపాడు దగ్గర మిరపకాయలు ఎగుమతి చేసే ఒక కంపెనీలో పనిచేసేవాడు. లోడు వెంట చెన్నై రేవుదాకా వెళ్ళి, దింపించి రావడం అతని పని. కిందటి ఫాల్గుణంలో ఒకరోజు పొద్దున్నే ఎవరో ఫోను చేశారు.

"అమ్మా, మీ వీరాంజనేయులు పోయాడమ్మా."

"ఎక్కడికి పోయాడు?" అని అడిగింది రాజ్యం.

సింగరాయకొండ దగ్గర హైవే మీద టైరు మార్చుకుంటున్న లారీని వెనకనుంచి ఇంకో లారీ గుద్దిందని, అప్పుడతను ఆ రెండిటి మధ్యా నిలబడి ఉన్నాడని అవతలి మనిషి విడమరిచి చెప్పాడు. కర్మంతరాలు అయ్యాక రాజ్యం చాలాసార్లు ఆలోచించింది. పోవడానికి ఇంగ్లీషులో వేరువేరు మాటలున్నాయి. ఆ ఫోను ఇంగ్లీషులో వచ్చి ఉంటే ఎక్కడికని అడిగే ఆ ఒక్క క్షణం కూడా తనకి దక్కేది కాదు.

నిజానికి ఆమె లెక్కలో పెద్దకొడుకు పోయింది అప్పుడు కాదు. అంతకి రెండేళ్ళ ముందే.

కోడలు తేజశ్రీ కాపురానికొచ్చిన ఐదేళ్ళలో ఇంట్లో గొడవ లేని వారం లేదు. వీరాంజనేయులు లోడు మీద వెళ్ళాడంటే రాజ్యానికి అన్నం సయించేది కాదు. ఒంగోలు దాటావా, నెల్లూరు దాటావా అంటూ గంటకోసారి ఫోను. అతను తియ్యకపోతే కోడలి మీద పడేది, నీకు చీమ కుట్టినట్టయినా లేదేమిటని.

"అత్తయ్యా, ఆయన లారీ ఎక్కాడు, యుద్ధానికి పోలేదు" అనేది తేజశ్రీ.

"నీకేం తల్లీ. కన్నదాన్ని నేను."

"కన్నారు సరే. ఇప్పటికైనా కిందికి దించండి. ముప్పయ్యేళ్ళొచ్చాయి."

చివరికొకరోజు మంచం, గ్యాసుపొయ్యి, బియ్యం డ్రమ్ము ట్రాలీ ఆటోలోకి ఎక్కించి, మూడేళ్ళ శ్రీరమ్యని ఒళ్ళో పెట్టుకుని తేజశ్రీ నల్లపాడులో వేరు కాపురానికి వెళ్ళిపోయింది. ఆ ఆటో వెనక వీరాంజనేయులు బండి మీద వెళుతూ ఒకసారి తిరిగి చూశాడు. రాజ్యం చెయ్యెత్తలేదు. ఆ సాయంత్రం వచ్చినవాళ్ళందరికీ ఒకటే మాట చెప్పింది, "మావాళ్ళు వేరుపడ్డారు." చెట్టుని నిలబెట్టేదీ వేరే, మనిషిని విడదీసేదీ వేరే. ఇంత పాడు మాట ఏ భాషలో ఉంటుంది, అనుకుంది.

ఇప్పుడా కంపెనీవాళ్ళు పనిలో చనిపోయినవాళ్ళ ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తామన్నారు. గోడౌనులో కాయ నాణ్యత చూసి తరగతులు చేసే చోట. నీడపట్టు పని, నెలజీతం. మొదటి హక్కు భార్యది. ఏ కారణం చేతనైనా భార్యకి వర్తించకపోతే తల్లి ఎవరి పేరు చెబితే వాళ్ళకి. నాలుగు పేజీల ఇంగ్లీషు ఫారం ఇచ్చి, నింపి, భార్యా తల్లీ ఇద్దరూ సంతకాలు పెట్టి తెమ్మన్నారు. పదో తరగతి వరకూ తెలుగులోనే చదువుకున్న తేజశ్రీ ఆ కాగితాలు చంకలో పెట్టుకుని, కర్మంతరాలు తప్పిస్తే, రెండేళ్ళలో మొదటిసారి ఏ పండగా కాని రోజున అత్తగారి అరుగెక్కింది.

ఆ సమయంలో చిన్నకొడుకు బాలు వసారాలో కూర్చుని బ్యాగు జిప్పుకి కొబ్బరినూనె రాస్తున్నాడు. డిగ్రీ చేసి, రెండేళ్ళుగా ఆ పత్తిమిల్లూ ఈ పత్తిమిల్లూ తిరిగి, విసుగెత్తి తిరుప్పూరు వెళతానంటున్నాడు. అక్కడ బనియన్ల కంపెనీలో స్నేహితుడున్నాడు. మొగుడు ఎప్పుడో పోయిన ఈ ఇంట్లో, వాడు కూడా వెళితే రాజ్యానికి జవాబు చెప్పే గొంతు ఉండదు. పదిరోజులుగా ఆమె నిద్రలో కూడా రైలు కూతే వింటోంది.

"పేరు" అంది రాజ్యం కలం తీసి.

"మీకు తెలియదా అత్తయ్యా?"

"అడిగినదానికి చెప్పాలి. ఇది ఆఫీసు కాగితం."

పేరు, తండ్రి పేరు, చదువు, పాప పేరు. అన్నీ గుండ్రటి పెద్ద అక్షరాలతో నింపుకుంటూ వచ్చింది రాజ్యం. మూడో పేజీలో కలం ఆగింది. ఉద్యోగి మరణించిన నాటికి దరఖాస్తుదారు వైవాహిక స్థితి. పక్కన మూడు గళ్ళు. మ్యారీడ్. సెపరేటెడ్. డైవోర్స్‌డ్.

సెపరేట్ అంటే విడి. విడి గది, విడి పొయ్యి, విడి కాపురం. దాని చివర ఇంకో అక్షరం తగిలించి ఇట్లాంటి గడి పక్కన పెడితే మొగుడూ పెళ్ళాం తెగిపోయి ఎవరి దారిన వాళ్ళు ఉండటం. ఆ తేడా ఊళ్ళో ఇంకెవరికి తెలిసినా తెలియకపోయినా రాజ్యానికి తెలుసు. ఎప్పుడో ఆ రెండు మాటలూ పక్కపక్కన రాసుకుని నేర్చుకుంది.

వసారాలో జిప్పు సర్రున జారింది. బాగుపడింది.

"ఏమైందత్తయ్యా? అర్థం కాలేదా?"

"నాకు అర్థం కాకపోవడమా" అంది రాజ్యం. కాగితం మీంచి తల ఎత్తకుండా అడిగింది. "మీరు వేరుపడ్డారా, లేదా?"

"అదేం ప్రశ్న? రెండేళ్ళ నుంచి ఊరంతా మీరే చెప్పుకుంటున్నారుగా."

"నువ్వు చెప్పు. తర్వాత నా మీదికి రాకూడదు."

"పడ్డాం. వేరుపడ్డాం. చాలా?"

"అయితే అదే పెడుతున్నా."

"పెట్టండి. ఉన్నదేగా."

రాజ్యం మధ్య గడిలో టిక్కు పెట్టింది. ఇందులో అబద్ధం ఏముంది, తనే చెప్పింది కదా అనుకుంది. ఎదుట కూర్చున్న పిల్ల మెడ బోసిగా ఉంది. అటు చూడకుండా పేజీ తిప్పింది. సంతకాలయ్యాక ఇంకో మాట కూడా చెప్పింది.

"ఆఫీసులో ఏమైనా అడిగితే అవును, కాదు అని ఊరుకో. కథలు చెప్పకు. ఎక్కువ మాట్లాడితే వాళ్ళు అనుమానపడతారు."

"సరే అత్తయ్యా" అంది తేజశ్రీ. వెళ్ళేముందు, చాలా రోజుల తర్వాత, మంచినీళ్ళు అడిగి తాగింది.

వారం తర్వాత ఇద్దరినీ కంపెనీకి పిలిచారు. గేటు దగ్గర్నుంచే మిరప ఘాటు. తేజశ్రీ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది, రాజ్యం పెట్టుకోలేదు. లోపల మేనేజరు ఉత్తరాది మనిషి, తెలుగు రాదు. అతని పక్కన మరియదాసు అనే గుమాస్తా నిలబడి అటుదిటు, ఇటుదటు చెబుతున్నాడు. మేనేజరు ఫారం మూడో పేజీ మీద వేలు పెట్టి ఏదో అన్నాడు.

"ఏమ్మా, ఇక్కడ వేరుగా ఉంటున్నట్టు పెట్టారు. నిజమేనా?" అన్నాడు మరియదాసు.

"నిజమేనండి. రెండేళ్ళయింది" అంది తేజశ్రీ.

"ఎందుకని?"

తేజశ్రీ ఒకసారి పక్కకి, అత్తగారి వైపు చూసింది. "పడలేదండి. రోజూ గొడవలే."

"కొట్టుకునేదాకా వచ్చిందా?"

"అంతదాకా రాలేదులెండి" అని కొంచెం నవ్వింది. "మాటలే. మాటలు చాలవా అండి?"

"పాప ఎవరి దగ్గరుండేది?"

"నా దగ్గరే."

"మళ్ళీ కలిసి ఉండాలని పెద్దవాళ్ళెవరూ చెప్పలేదా?"

"చెప్పారు. నేనే వద్దన్నాను. పండగలకి వెళ్ళి ఒకపూట భోంచేసి వచ్చేదాన్ని. దూరంగా ఉంటేనే గౌరవంగా ఉంటుందండి."

మరియదాసు దాన్నంతా ఇంగ్లీషు చేశాడు. హజ్బెండు అన్న మాట రెండుసార్లు వినబడింది రాజ్యానికి. తేజశ్రీకి వినబడిందో లేదో, ఆమె మర్యాదగా చేతులు కట్టుకుని కూర్చుంది, అడిగినవాటికి సరిగ్గా చెప్పానన్న తృప్తితో. మేనేజరు కంపెనీ రికార్డు తెప్పించి చూశాడు. అందులో వీరాంజనేయులు చిరునామా వెలగలపాలెం అనే ఉంది. వేరుపడ్డా కాగితాల్లో మాత్రం అమ్మ ఇంటి అడ్రసు మార్చలేదు వాడు. రాజ్యం ఆ ఊరి పేరుని రెండుసార్లు చదువుకుంది. మేనేజరు ఆ అడ్రసునీ, ఫారంలో తేజశ్రీ నల్లపాడు అడ్రసునీ పక్కపక్కన పెట్టి తల ఆడించాడు.

"మీరేమంటారు పెద్దమ్మా? కోడలు చెప్పినదంతా కరెక్టేనా?" అన్నాడు మరియదాసు.

గదిలో అందరూ తన వైపు తిరిగారు. తేజశ్రీ కూడా, భరోసాగా. ఒక్క మాట చాలు. వేరుపడింది నా నుంచి, వాడి నుంచి కాదు. ఐదారు మాటలు. ఆమెకి వాటిని ఇంగ్లీషులో నేరుగా ఆ మేనేజరుతోనే చెప్పడం కూడా వచ్చు.

"ఆ అమ్మాయి ఒక్కటి కూడా అబద్ధం చెప్పలేదు బాబూ" అంది రాజ్యం.

పన్నెండు రోజులకి, తల్లిగా రాజ్యం చెప్పిన బాలు పేరు మీద ఉద్యోగం ఉత్తరం వచ్చింది. వాడు దాన్ని రెండుసార్లు చదివి, "వదినకి కదా రావాల్సింది?" అన్నాడు.

"ఆడపిల్ల గోడౌనులో ఏం చేస్తుందని వాళ్ళే అనుకున్నారేమో. మనకెందుకు. ఆ అమ్మాయిని మనం చూసుకోమా ఏమిటి" అంది రాజ్యం. బాలు ఇంకేమీ అడగలేదు. బ్యాగు మళ్ళీ అటకెక్కింది. ఆ రోజు రాజ్యం బూరెలు వండింది.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి స్కూటీ మీద తేజశ్రీ వచ్చింది. వెనక, నల్లపాడులో తన ఎదురింటి జోహరాబీ కూతురు సమీరా కూర్చుని ఉంది. ఆ పిల్ల గుంటూరులో బీకాం చదువుతోంది. అరుగు మీద అప్పటికే ఎనభయ్యేళ్ళ యలమందయ్య బ్యాంకు నుంచి వచ్చిన కాగితం చదివించుకోవడానికి వచ్చి కూర్చున్నాడు. స్కూటీ ఆగిన తీరుకే నలుగురు ఆడవాళ్ళు వాకిళ్ళలోకి వచ్చారు.

"అత్తయ్యా, సెపరేటెడ్ అంటే ఏంటి?" అంది తేజశ్రీ, అరుగెక్కకుండానే.

"వేరుపడటం."

"ఎవరి నుంచి?"

రాజ్యం కళ్ళజోడు తీసి తుడుచుకోసాగింది.

"సమీరా, నువ్వు చెప్పవే."

"మొగుడూ పెళ్ళాం విడిపోవడం అక్కా" అంది సమీరా, నేల చూపులు చూస్తూ. "విడాకులు ఇంకా కాలేదు, కానీ తెగిపోయింది అని."

"విన్నారా తాతయ్యా?" అంది తేజశ్రీ యలమందయ్యతో. "నా మొగుడు ఆ పొద్దున నేను కలిపి పెట్టిన గోంగూర అన్నం తిని లారీ ఎక్కాడు. పాపకి కాళ్ళజోడు తెస్తానన్నాడు. మాకు తెగిపోయిందని రాసిందీవిడ. నా నోటితోనే అవుననిపించింది. ఆఫీసులో ఆ మనిషి కొట్టుకునేవాళ్ళా అని అడిగితే ఈవిడ గురించి అడుగుతున్నాడనుకుని నవ్వాను నేను. నవ్వాను తాతయ్యా."

"అమ్మాయ్ రాజ్యం, తెలిసే రాశావా?" అన్నాడు యలమందయ్య.

గుమ్మంలోకి బాలు వచ్చి నిలబడ్డాడు. రాజ్యం వాణ్ణి చూసింది. అవునంటే వాడి కళ్ళలో తనేమవుతుందో కనబడింది. కాదనడానికి ఒక్కటే దారి ఉంది. పాతికేళ్ళుగా కూడబెట్టుకున్నది అక్కడే, ఆ అరుగు మీదే కింద పడేసింది.

"నాకేం తెలుసు బాబాయ్. ఐదో తరగతిదాన్ని. ఏదో అక్షరాలు కూడబలుక్కుంటానంతే. నాకు ఇంగ్లీషెక్కడ వచ్చు?"

యలమందయ్య చేతిలోని బ్యాంకు కాగితం వైపు చూసుకున్నాడు. మెల్లిగా నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. వాకిట్లో ఎవరో ఆడమనిషి, "మరి మా ఆయన మందుల చీటీ చదివిందీవిడేగా" అని పక్కామెతో అంది, గట్టిగానే.

తేజశ్రీ అరవలేదు. సరిగ్గా ఆ జవాబు కోసమే వచ్చినట్టు అరుగెక్కి కూర్చుని, సంచీలోంచి కవరు తీసింది.

"అంతేనా అత్తయ్యా. అయితే ఆ మాట కాగితం మీద ఇవ్వండి. ఫారం నింపినావిడకి ఇంగ్లీషు రాదు, అర్థం తెలియక తప్పు గడిలో టిక్కు పెట్టింది అని. ఆఫీసుకెళ్ళి అడిగితే, అలా ఇస్తే ఉద్యోగం సంగతి మళ్ళీ చూస్తామన్నారు మరియదాసు గారు. సమీరా టైపు చేయించింది."

రాజ్యం కాగితం అందుకుంది. కళ్ళజోడు పెట్టుకోబోయి, పెట్టుకోకూడదని గుర్తొచ్చి ఒళ్ళో పెట్టుకుంది. ఎక్కడ పెట్టమంటావని కలం కోసం చెయ్యి చాపింది.

"సంతకం వద్దండి" అంది తేజశ్రీ. "సంతకం పెడితే చదువొచ్చనేగా అర్థం. వేలిముద్ర వెయ్యాలి."

కవర్లోంచి నీలం రంగు స్టాంపుప్యాడు బయటికొచ్చింది. కొత్తది, ఇంకా రేకు కూడా చింపలేదు.

రాజ్యం తల్లి బతికినన్నాళ్ళూ వేలిముద్రే వేసింది. రాజ్యం అత్తగారూ అంతే. పొలం కాగితాల మీద వాళ్ళ బొటనవేళ్ళు నలిగిన నల్ల పురుగుల్లా ఉండేవి. ఆ ఇంట్లో పేరు రాసిన మొదటి ఆడది తను. బ్యాంకులో మొదటిసారి సంతకం పెట్టిన రోజున గుమాస్తా తల ఎత్తి చూశాడు.

"అమ్మా" అన్నాడు బాలు గుమ్మంలోంచి, లోగొంతుతో. "నిజం చెప్పు. తెలిసి చేశావా?"

"తెలియదు నాయనా."

"అయితే వెయ్యి." వాడు లోపలికి తిరుగుతూ అన్నాడు. "నేను రేపు తిరుప్పూరు వెళుతున్నాను. నువ్వేసినా, వెయ్యకపోయినా."

ఆమె ఏదో అనబోయింది. వాడప్పటికే లోపలికి వెళ్ళిపోయాడు. అటక మీదికి నిచ్చెన వేసిన చప్పుడు వినబడింది.

తేజశ్రీ అత్తగారి బొటనవేలు పట్టుకుని, చిన్నపిల్ల చేత అక్షరం దిద్దించినట్టు సిరాలో అద్ది, కాగితం మీద ఒకవైపు నుంచి ఇంకోవైపుకి పొర్లించింది. ఏళ్ళ తరబడి కాయ తొడిమలు తీసి తీసి గీతలరిగిపోయిన వేలు. మొదటి ముద్ర సరిగా పడలేదు. రెండోది వేయించింది. అదీ పడలేదు. మూడోసారికి పడింది.

"ముద్ర ఎవరిదో, చదువు రాదనీ పక్కన రాయాలక్కా" అంది సమీరా. "నేను రాయనా?"

"వద్దు. నేనే రాస్తా" అని తేజశ్రీ కలం తీసుకుని, ఒక్కో ఇంగ్లీషక్షరమే బలపం పట్టినట్టు నొక్కి రాసింది.

కళ్ళజోడు లేకపోయినా అంత పెద్ద అక్షరాలు రాజ్యానికి కనబడ్డాయి. చదవకుండా ఉండటం ఆమెకి చేతకాలేదు. రాజ్యం, ఇగ్నోరెంట్.

ఇల్లిటరేట్ అని ఉండాలక్కడ. చదువు రానిదని. ఇది ఆ మాట కాదు. ఇది ఏమీ తెలియనిది, బుర్ర లేనిది. చదువుకున్నవాళ్ళలోనూ ఉంటారలాంటివాళ్ళు. ఒకటనుకుని ఇంకోటి రాసిందో, రెంటికీ తేడా కనుక్కునే వచ్చిందో, కోడలి మొహంలో ఏమీ లేదు. నాలుక చివరిదాకా వచ్చిన దిద్దుబాటుని రాజ్యం పళ్ళ మధ్య నొక్కిపెట్టింది. సమీరా ఆ అక్షరాలు చూసి ఏదో అనబోయి, తేజశ్రీ వైపు చూసి ఊరుకుంది.

"సరిగ్గా రాశానా అత్తయ్యా?" తేజశ్రీ కాగితాన్ని ఆమె కళ్ళ ముందు పెట్టి పట్టుకుంది. "తప్పుంటే చెప్పండి. ఇప్పుడైతే దిద్దుకోవచ్చు."

వీధి వీధంతా జవాబు కోసం చూస్తోంది.

"నాకేం తెలుస్తుందమ్మా" అంది రాజ్యం.

"అవునులెండి. మీకేం తెలుస్తుంది" అంది తేజశ్రీ. సిరా ఇంకా తడిగానే ఉంది. ఆమె కాగితాన్ని నోటి దగ్గర పెట్టుకుని, తొందరేమీ లేనట్టు, ఆరేదాకా ఊదుతూ అక్కడే కూర్చుంది.